పొలిమేర అవతల మీటింగు

ఫిబ్రవరి 11, 2025

జాకెట్ల కొలతలు రాసే పుస్తకాన్ని ఈ రోజు వెనక నుంచి తిప్పాను. ఇంట్లో ఎవరితో మాట్లాడినా గోడతో మాట్లాడినట్టే ఉంది. గోడే నయం, తిరిగి సలహాలు ఇవ్వదు.

గుట్ట కింద బంజరులో ఎర్రజెండాలు పాతారు. వాగు దాటితే అదే. మా నాయిన బతికున్నన్నాళ్లు గొర్రెలు మేపిన జాగా. అక్కడ జైలు కడతారట. చిన్నాచితకది కాదు, రెండు మూడు జిల్లాల మనుషులు పట్టేంత పెద్దది.

ఊరు ఏడవాలి కదా? ఊరు పండగ చేసుకుంటోంది. రామచంద్రం మామకు సర్పంచ్‌గిరీ పోయి ఏడాది దాటింది, పంచాయతీ గద్దె మీద కూర్చునే అలవాటు మాత్రం పోలేదు. అక్కడ కూర్చునే ఉపన్యాసం ఇచ్చాడు. "జైలొస్తే రోడ్డొస్తది. రోడ్డొస్తే బస్సొస్తది. బస్సొస్తే మనూరి తలరాతే మారుతది." ఇన్నేళ్లూ బడిపిల్లల కోసం రాని బస్సు, పురిటి నొప్పుల ఆడవాళ్ల కోసం రాని బస్సు, ఖైదీల కోసం వస్తుందట. దానికి చప్పట్లు కొట్టారు. నేను విన్నాను, ఈ చెవులతోనే.

మా ఆయన దామోదర్ ఆటో ఆపుతూనే మొదలుపెట్టాడు. "ములాఖత్‌కు వచ్చేటోళ్లకు ఆటోలు గావాలె గద ఉమా. ఇంకోటి తీస్కుందమా?"

నా తమ్ముడు జైల్లో ఉన్న సంగతి గుర్తుందా అని అడిగాను.

"గుర్తుంది గాబట్టే అంటున్న. ఎల్లేష్‌ను సుత గీడికే తెస్తరేమో."

ఇల్లటం వచ్చిన మనిషి, మనసు మంచిదే. ఆ మనసుకు తగ్గ తల ఇవ్వడం దేవుడు మరిచిపోయాడు.

అమ్మ మాత్రం వాకిట్లో కూర్చుని గుట్ట వైపే చూస్తోంది. ఆ చూపులో భయం లేదు. అదే నాకు నచ్చలేదు.

ఫిబ్రవరి 13

"జైలొస్తే అందరికన్న మీకే లాభం గద ఉమక్కా" అని ఈ రోజు నలుగురన్నారు. నలుగురి జాకెట్లూ నా దగ్గరే ఉన్నాయి. నాలుగూ ఆలస్యమవుతాయి.

ఫిబ్రవరి 21

అమ్మా నేనూ ములాఖత్‌కు పోయొచ్చాం. ఆటో, రెండు బస్సులు, మళ్లీ నడక. అమ్మ మోకాళ్లు జైలు మెట్ల దగ్గరే మొరాయిస్తాయి, ప్రతిసారీ అక్కడే, ప్రతిసారీ నన్నే తిడుతుంది.

ఎల్లేష్ జాలీ అవతల నిలబడ్డాడు. ఒళ్లు చేశాడు. చేతులు వణకడం లేదు. ఏడెనిమిదేళ్లుగా వాడి చేతులు వణకకుండా నేను చూడలేదు.

"ఈడ డాక్టర్ సాబ్ వస్తడక్కా. గోలీలిచ్చి మెల్లమెల్లగ తగ్గించిన్రు. ఇప్పుడు నిద్ర పడ్తాంది. ఆకలైతాంది" అన్నాడు. తర్వాత అమ్మకు వినపడకుండా, "బెయిల్‌కు జల్ది చెయ్యకున్రి. దుకాణం తెరిచే ఉన్నది గద?" అన్నాడు.

తెరిచే ఉంది. పోయిన వానాకాలం ఆ కల్లు దుకాణానికి ఎక్సైజువాళ్లు కొన్నాళ్లు తాళం వేశారు, కల్లులో మత్తు పొడి కలుపుతున్నారని. ఇక్కడ దాన్ని మందు కల్లు అంటారు, చిన్నపిల్లాడికీ తెలుసు. తాళం వేసిన వాళ్లు తాళం వేసి పోయారు. తాగేవాళ్లను ఏం చేయాలో ఒక్కరూ చెప్పలేదు. రెండో రోజుకే మగవాళ్ల మెడలు వంకర్లు పోయాయి, నాలుకలు మడత పడ్డాయి, లేని మనుషులతో మాట్లాడారు. మా పక్కింటి లక్ష్మీనర్సమ్మ మొగుడు బావిలో పడి చచ్చిపోయాడు. ఎల్లేష్‌ను ఆటోలో మండలం దవాఖానకు తీసుకుపోయాం. ఒక సూది వేసి, ఇక్కడ ఇలాంటి వాళ్లకు మంచం లేదు, పెద్ద దవాఖానకు పొమ్మన్నారు. పెద్ద దవాఖానలో కూడా లేదన్నారు. తిరిగి వస్తుంటే ఆటోలోంచి దూకి, కొట్టు ముందు కూర్చున్న గుర్వయ్యను కట్టెతో కొట్టాడు. ఎవరనుకుని కొట్టాడో వాడికే తెలియదు. గుర్వయ్య చెయ్యి విరిగింది. హత్యాయత్నం అని రాశారు.

నాలుగు రోజులు మంచం దొరికి ఉంటే వాడికి జైలు దొరికేది కాదు. నేను చెప్పేది ఇంతే. ఇది అర్థం కావడానికి పెద్ద చదువులు కావాలా?

తిరుగు బస్సులో అమ్మ అంది, "మంచిగైండు గద?"

"అయిండు."

"ఎవలు చేసిన్రు? జైలోల్లే గద? గా జైలు మనూరికొస్తాంటే నీకేం నొప్పే?"

బస్సులో అందరి ముందూ గొడవెందుకని ఊరుకున్నాను. జవాబు లేక కాదు.

మార్చి 6

లక్ష్మీనర్సమ్మా నేనూ ఇల్లిల్లూ తిరుగుతున్నాం. అర్జీ నేనే రాశాను: జైలు వద్దు; ఆ జాగాలో దవాఖాన కట్టండి, అందులో మందు కల్లు మాన్పించే వార్డు పెట్టండి, డాక్టరును ఉంచండి. ఇంత సూటిగా రాసినా అడిగే ప్రశ్నలు వినాలి. "వార్డులో మనూరోళ్లకు నౌకర్లిస్తరా?" "జైల్ల అయితే గవర్మెంటే తిండి పెడ్తది, దవాఖానల ఎవలు పెడ్తరు?" ఒకాయన సంతకం పెట్టి, పక్కనే జైలు కూడా కట్టమని రాయమన్నాడు. రెండూ ఉంటే అందంగా ఉంటుందట.

గుర్వయ్య కొట్టుకు పోకూడదనుకున్నాను. లక్ష్మీనర్సమ్మే లాక్కుపోయింది.

ఆయన కాగితం చదివాడు. ఎడమ చేత్తో పట్టుకుని చదివాడు, కుడి చెయ్యి ఇంకా సరిగా మడవదు. "జైలు వద్దంటవు. నీ తమ్ముడు కొట్టిననాడు జైలు లేకుంటే నేనేం గావాలె ఉమా? ఇంకో దెబ్బ తినాల్నా?"

ఆ ప్రశ్నకు పొద్దున్నుంచీ జవాబు వెతుకుతున్నాను. అప్పుడు మాత్రం కోపమొచ్చింది. ఏదో అనబోయాను. లక్ష్మీనర్సమ్మ నా చెయ్యి గిల్లింది.

ఆయనే మళ్లీ అన్నాడు. "గా దినం నన్ను సుత యాడ సూడలే. చెయ్యి కట్టేటాల్లకు తెల్లారింది. గందుకే గిట్ల వంకర అతుక్కుంది." పెన్ను అడిగాడు. ఎడమ చేత్తో, ఒక్కో అక్షరం పీకి పెట్టినట్టు, పేరు రాశాడు.

బయటికొచ్చాక లక్ష్మీనర్సమ్మ ఏడ్చింది. నేను ఏడవలేదు. కొట్టు దాటి మలుపు తిరిగాక ఏడ్చాను.

మార్చి 19

ఈ రోజు నా తెలివికి నేనే దండం పెట్టుకున్నాను. రాసి పెట్టుకోవాలి, ఇలాంటి రోజులు నాకు ఎక్కువ రావు.

మండలం ఆఫీసులో పెద్దసారును కలిశాం. జైలు మీద ఊరి అభిప్రాయం వింటారట, జాగా దగ్గరే మీటింగు పెడతారట, వచ్చి మాట్లాడినవాళ్ల మాట మాత్రమే లెక్కలోకి వస్తుందట. కాగితాల మీద సంతకాలు ఎవరైనా పెట్టించుకోవచ్చు కదమ్మా అన్నాడు. తారీకు ఏప్రిల్‌లో అన్నాడు.

ఏప్రిల్‌లో మా ఊళ్లో ఎవరుంటారు? గొర్లకాపర్లు మందలు తోలుకుని కృష్ణ ఒడ్డుకు పోయి ఉంటారు. మా మేనమామ జానయ్య వెంట పోయినవాళ్లే ముప్పై ఇళ్లవాళ్లు. అప్పుడు నాకు వెలిగింది. మే నెలలో బొడ్రాయి పండగ పెట్టుకున్నాం. ఊరి నడిబొడ్డున కొత్త రాయి నిలుపుతున్నాం. కాపర్లు వస్తారు, పెళ్లయి పోయిన ఆడబిడ్డలంతా వస్తారు, కూలికి పట్నం పోయినవాళ్లు వస్తారు. అంతమంది మళ్లీ ఎప్పుడు దొరుకుతారు? "సార్, మే పదహారు శుక్రవారం పెట్టండి, ఊరు ఊరంతా ఉంటది" అన్నాను.

"మీ ఇష్టమే కానివ్వండి" అని రాసుకున్నాడు. పొద్దున పూట అన్నాడు, ఎండ ముదరకముందే.

వచ్చే దారిలో లక్ష్మీనర్సమ్మ, "నువ్వు సర్పంచ్‌గ నిలబడాలె అక్కా" అంది. వద్దన్నాను. గట్టిగా అనలేదు.

మార్చి 20

జానయ్య మామకు ఫోన్ చేశాను. "బొడ్రాయి నాటికి మంద తోలుకొస్తం బిడ్డా, ఫికర్ చెయ్యకు. మీటింగుల అందరం ఒక్క నోటితోని చెప్తం" అన్నాడు. వెనక గొర్రెలు కూడా అరిచాయి. ఈ ఊళ్లో నా మాట విన్న మొదటి మగవాడు.

ఏప్రిల్ 9

మళ్లీ ములాఖత్, మళ్లీ మెట్లు. ఈసారి అమ్మ మెట్ల మీదే కూర్చుండిపోయింది. పై నుంచి వచ్చేవాళ్లు పక్కకు తప్పుకుని పోతున్నారు. ఎత్తుకుని పైకి తీసుకుపోయాను. ఎప్పుడింత తేలికైపోయింది?

ఇంటికొచ్చాక చెప్పింది, "మీటింగుల నేను సుత మాట్లాడ్త."

సంతోషించాను. చూడు, నా బతుకు.

"జైలు మనూరికే రావాల్నని చెప్త. గిక్కడైతే నేను దినాం పోయి సూసొస్త. నీకు పంతం గావాలె, నాకు కొడుకు గావాలె."

అరిచాను. ఏం అరిచానో రాయను. దామోదర్ మధ్యలో వచ్చి, "అత్తమ్మ చెప్పిందాంట్ల తప్పేమున్నది" అన్నాడు. ఆయనకూ పడ్డాయి.

జైలు మనిషిని బాగు చేస్తుందని అమ్మ అనుకుంటోంది. జైలు కాదు బాగు చేసింది, మందూ డాక్టరూ. అవి జైలు బయట ఎందుకుండవు అన్నదే కదా నా గొడవంతా! వీధిలో గాజులమ్మే సుబ్బమ్మకు చెప్పినా అర్థమయ్యే మాట కన్నతల్లికి అర్థం కావడం లేదు.

ఏప్రిల్ 10

అమ్మతో మాట్లాడడం లేదు. అన్నం పెట్టింది. తిన్నాను. బాగుంది అనలేదు.

మే 13

మిషన్ మీద జాకెట్లు గుట్టలు. ఊరి ఆడబిడ్డలంతా దిగారు. ఒక్కొక్కరూ రెండేసి తెచ్చారు, రేపటికే కావాలంటారు. కుడుతూనే ఒక్కొక్కరికీ మీటింగు సంగతి ఎక్కిస్తున్నాను. వస్తామన్నారు. జానయ్య మామ మందతో దిగాడు. వీధులన్నీ గొర్రెల వాసన. నాకు ఆ వాసన ఇంత ఇష్టమని మరిచిపోయాను.

అమ్మ ఇంకా పట్టు వదల్లేదు. అంతమందిలో ఆమె ఒక్కతి ఏమంటే ఏం?

మే 14

చస్తాను. లేదా ఎవరినైనా చంపుతాను.

సాయంత్రం డప్పు చాటింపు వేశారు. శుక్రవారం తెల్లారకముందే పొలి చల్లుతారు, అంటే బలి నెత్తురు కలిపిన అన్నం ఊరి పొలిమేర చుట్టూ చల్లుతారు. అది చల్లాక రాయి నిలిచేదాకా ఊరివాళ్లు పొలిమేర దాటకూడదు. బయటివాళ్లు లోపలికి రాకూడదు. దాటితే ఊరికి కట్టిన కట్టు తెగిపోతుంది. రాయి నిలిచేది నడిమధ్యాహ్నం. మీటింగు పొద్దున. మీటింగు జాగా వాగు అవతల. ఊరి పొలిమేర ఆ వాగే.

ఎవరికీ తోచలేదు! పోయిన బొడ్రాయి మా అమ్మకు ఊహ తెలియకముందు జరిగింది. ముహూర్తం పెట్టిన అయ్యగారు చెప్పేదాకా కట్టు సంగతి ఒక్కరి బుర్రలోనూ లేదు. పండగ కమిటీలో పదిహేనుమంది పెద్దమనుషులున్నారు, కమిటీ చేసిన పని భోజనాల్లోకి ఏం కూర వండాలని కొట్లాడుకోవడం.

"తారీకు నువ్వే గద పెట్టించింది అక్కా" అంది లక్ష్మీనర్సమ్మ.

నేను పెట్టించిన తారీకులో తప్పు లేదు. ముహూర్తంలో ఉంది తప్పు.

మే 15

పెద్దసారుకు ఫోన్ చేశాను. "అమ్మా, మీరు అడిగిన రోజే కదా పెట్టాం. నోటీసు కూడా ఇచ్చేశాం. ఇప్పుడు మార్చడం నా చేతుల్లో లేదు" అన్నాడు. పోనీ మీటింగు ఊళ్లో పెట్టండి అన్నాను. జాగా దగ్గరే జరగాలట. అయినా బయటివాళ్లు లోపలికి రాకూడదు కదా, ఆ సంగతి నాకు ఫోన్ పెట్టేశాక గుర్తొచ్చింది.

అయ్యగారిని అడిగాను. ముహూర్తం జరపడం కుదరదట. ఇంకెవరినీ అడగడానికి మిగల్లేదు, దేవుడు తప్ప. ఆయన ముహూర్తమే కదా ఇది.

జానయ్య మామతో అన్నాను, మనవాళ్లను ఇవాళే అవతలికి తీసుకుపో, మందతో పాటు అక్కడే పడుకోండి అని. తల అడ్డంగా ఊపాడు. "రాయి నిలవడేటప్పుడు బయటున్నోడు ఊరోడు గాడు బిడ్డా. గొర్లను సుత లోపలికే తోలుకొచ్చినం. నువ్వే గట్లంటే ఎట్ల?"

చీకటి పడుతుండగా చూశాను. రామచంద్రం మామ పదిమందిని వెంటబెట్టుకుని వాగు దాటి పోతున్నాడు. అవతల ఆయన బోరుబావి షెడ్డు ఉంది. మోటారుకు కాపలా అట. ఈ ఊళ్లో కట్టు సంగతి ముందే గుర్తున్నవాడు ఆ ఒక్కడే.

నేను కూడా పోవచ్చు ఇప్పుడే. కానీ ఇంకా నాలుగు జాకెట్లకు గుండీలు కుట్టాలి. అమ్మను ఒంటరిగా వదలకూడదు. ఆడమనిషిని పరాయి షెడ్డు దగ్గర ఎలా పడుకోను. రేపు పొద్దున చూద్దాం.

మే 16

ఎంత రాత్రయినా రాయాలి.

పొద్దున్నే ఊరంతా వాగు గట్టుకు చేరింది. గట్టు అంచున ఎర్రన్నం మెతుకులు, వేపకొమ్మలు. వాగు ఎండిపోయి ఉంది, అవతలి గట్టు ఓ కేక దూరం. అక్కడ షామియానా, కుర్చీలు, మైకు, పోలీసులు. కుర్చీల్లో రామచంద్రం మామ మనుషులు, కాళ్లు చాపుకుని.

పెద్దసారు మైకులో, "గ్రామస్థులు వచ్చి తమ అభిప్రాయం చెప్పాలి" అన్నాడు.

"మీరే రాండ్రి సార్!" అని మావాళ్లు అరిచారు.

పాపం ఆయన లేచి నాలుగడుగులు వేశాడు. "రావద్దు! రావద్దు!" అని మళ్లీ మావాళ్లే అరిచారు. ఆయన ఆగిపోయాడు. మాకు పిచ్చి అనుకుని ఉంటాడు. ఆయన చోట నేనున్నా అదే అనుకుందును.

అప్పుడు రామచంద్రం మామ మైకు అందుకున్నాడు. "ఊరోళ్లకు జైలంటే శాన సంతోషం సార్. అభ్యంతరం ఉన్నోడెవడన్న ఉంటే ఈడికి వచ్చి చెప్పేటోడు గద. వచ్చిన్రా ఎవలన్న? రాలే." గట్టు మీద నిలబడ్డ ఐదారు వందలమందిమి నోళ్లు తెరుచుకుని విన్నాం. అరిచాం. మా అరుపులు ఒకదాని మీద ఒకటి పడి, అవతలికి ఉత్త గోలగా పోయాయి. పెద్దసారు చెవి దగ్గర చెయ్యి పెట్టి, వినపడడం లేదని సైగ చేశాడు.

లక్ష్మీనర్సమ్మ అర్జీ కాగితాలు రాయికి చుట్టి విసరబోయింది. పట్టుకుని ఆపాను. రాయికి చుట్టి పోలీసుల మీదికి విసిరితే అది అర్జీ కాదు, కేసు.

ఇక దాటాలి. నేనే దాటాలి. కొంగు నడుముకు చుట్టాను. మెతుకుల అంచుకు వచ్చి నిలబడ్డాను. ఆడబిడ్డలంతా చూస్తున్నారు. రేపు ఒక గొర్రె చచ్చినా, ఒక పసిపిల్లకు జ్వరం వచ్చినా నా పేరే చెబుతారు. తమ్ముడు అట్లా, అక్క ఇట్లా అంటారు. అదీ కాక, ఇంత కష్టపడి నిలుపుకుంటున్న కట్టును మనమే తెంపితే మన మాట ఊళ్లో ఎవరు వింటారు? ఇది భయం కాదు, ఆలోచన. ఆలోచిస్తూ ఉన్నాను.

నా పక్క నుంచి ఎవరో దిగారు. అమ్మ.

మోకాళ్ల మీద చేతులు ఆన్చుకుంటూ వాగులోకి దిగింది. "అక్కా, దాటకు! కట్టు తెగుతది!" అని జానయ్య మామ వెనక నుంచి కేక పెట్టాడు. ఊరు ఊరంతా కేకలు. నేనూ కేక పెట్టాను, కానీ కట్టు గురించి కాదు. ఆమె ఏం చెప్పడానికి పోతోందో నాకు తెలుసు కదా. "అమ్మా, ఆ మాట చెప్పకే!" అని అరిచాను. వెనక్కి తిరిగి చూడలేదు. రామచంద్రం మామ నవ్వుతూ ఎదురొచ్చి, చెయ్యిచ్చి గట్టెక్కించాడు, తానే మైకు పట్టుకున్నాడు.

"నా కొడుకు ఎల్లేష్ జైల్ల ఉన్నడు సారూ" అంది అమ్మ. మైకులో ఆమె గొంతు ఊరి మీదంతా పరుచుకుంది. "ఆడ మందిస్తున్రు. డాక్టర్ సాబ్ సూస్తడు. మంచిగైండు. నీ కాల్మొక్త, అబద్ధం చెప్ప." కాస్త ఆయాసం తీర్చుకుంది. "గని సారూ, వాడు ఒకన్ని కొట్టినంకనే గద మందిచ్చిన్రు. కొట్టకముందు ఆటోల ఏసుకొని దవాఖానలన్ని తిరిగినం. ఎవ్వలియ్యలే. కొట్టకముందు యాడ ఇస్తరో, గది కట్టున్రి మా ఊర్ల."

రామచంద్రం మామ చేతిలో మైకు అట్లాగే ఉండిపోయింది. గుర్వయ్య నా వెనకే నిలబడి ఉన్నాడు. ఆయన ఊపిరి వినపడింది.

"అంటే జైలు వద్దంటారా అమ్మా?" అని పెద్దసారు అడిగాడు.

"వద్దని నేనెందుకంట? నా కొడుకు ఆడ బతికిండు. ముందుగాల దవాఖాన కట్టున్రి. కట్టినంక జైలుకు పొయ్యేటోల్లు ఎవలన్న మిగుల్తే, గప్పుడు సూద్దాం."

నేను మూడు నెలలు రాసి, తిప్పి రాసి, ఇల్లిల్లూ తిరిగి చెప్పలేని మాట అది. గర్వమేసింది, అంతకంతా ఒళ్లు మండింది కూడా. ఇంట్లో ఒక్కసారన్నా ఇట్లా చెప్పిందా?

మీటింగు ముగిసింది. షామియానా విప్పుకుని పోయారు. అమ్మ మాత్రం తిరిగి రావడానికి లేదు. తెగిన చోట మళ్లీ పొలి చల్లాలన్నారు, ఆ బలికి మేకపోతును మా ఇల్లే ఇచ్చుకోవాలన్నారు, సరే అన్నాను. రాయి నిలిచేదాకా ఆమె బయటే. అవతలి గట్టు మీద ఒక చెట్టు లేదు. కొంగు తల మీద కప్పుకుని నిప్పులాంటి ఎండలో కూర్చుంది. ఇవతలి గట్టు మీద నేను. మా మధ్య ఎండు వాగు. నేను దాటలేదు. పొద్దున దాటలేదు, అప్పుడూ దాటలేదు.

డప్పులు మారుమోగాయి. రాయి నిలిచింది. ప్రతి ఇంటి ఆడవాళ్లూ నీళ్ల బిందెలతో బొడ్రాయికి పోయడానికి పరుగెత్తారు. మా ఇంటి బిందె నా చంకన ఉంది. అందరూ నడిబొడ్డు వైపు పోయారు, నేను వాగు వైపు పోయాను. డప్పు మోగాకే దాటాను. ముందే దాటానని రేపు ఎవరైనా అన్నా అది అబద్ధం. దాటి ఉంటే బాగుండేది.

"బొడ్రాయికి పొయ్యాల్సిన నీళ్లు నాకెందుకు తెచ్చినవే, బుద్ధి లేనిదానా" అంది అమ్మ. దోసిలి పట్టింది. పోస్తుంటే తాగింది, ముఖం కడుక్కుంది, మళ్లీ తాగింది. తాగినంతసేపూ తిట్టింది.

మే 17

మేకపోతు ఇచ్చాం. మళ్లీ పొలి చల్లారు. మా ఇంటి మీదుగా పోయేవాళ్లు తల తిప్పుకుని పోతున్నారు. గుర్వయ్య ఒక్కడు వచ్చి, అమ్మకు ఎండదెబ్బ తగిలిందేమోనని ఉల్లిగడ్డలు ఇచ్చిపోయాడు.

మే 21

మండలం ఆఫీసుకు పోయాను. మీటింగులో ఏం రాసుకున్నారో చూపించమని కూర్చున్నాను, చూపించేదాకా లేవలేదు. "హాజరైన గ్రామస్థులు జైలు నిర్మాణానికి సమ్మతి తెలిపారు. ఒక వృద్ధురాలు వైద్య సదుపాయం కోరారు."

ఒక వృద్ధురాలు. పేరు కూడా రాయలేదు. హనుమమ్మ అని నేనే పెన్ను తీసి పక్కన రాశాను. గుమస్తా కసిరాడు. మళ్లీ ఇంకో అర్జీ పెట్టుకోమన్నాడు. పెడతాను. వాళ్లు విసిగిపోయేదాకా పెడతాను, విసిగించడంలో నన్ను మించినవాళ్లు ఈ జిల్లాలో లేరు.

మే 24

వకీలు ఫోన్ చేశాడు. ఎల్లేష్‌కు బెయిల్ వచ్చిందట. సోమవారం వదులుతారట. కాయితాలు మేం కదిలించలేదు, ఎప్పుడో పెట్టిన దరఖాస్తు దాని దారిన అది నడిచి వచ్చింది.

అమ్మకు చెప్పాను. ముఖం వెలిగింది. వెంటనే ఆరిపోయింది.

"వాడొచ్చేలోపల గా దవాఖాన కడ్తరా?"

"సోమవారంలోపలా అమ్మా?" అని అరిచాను. అరిచి, ఆమె ముఖం చూసి, నోరు మూసుకున్నాను. ఆమె నిజంగానే అడిగింది. మైకులో చెప్పింది కదా, సారు రాసుకున్నాడు కదా.

"అయితె జైలోల్లకు ఒక కాయితం రాయరాదు? దవాఖాన కట్టేదాక జర ఆడనే ఉంచుకొమ్మని?"

రాయనని చెప్పాను. జైలు వద్దని ఊరంతా తిరిగిన దాన్ని, నా తమ్ముడిని జైల్లోనే ఉంచమని రాస్తానా? సాయంత్రం కూరగాయలకని బయటికి పోతే కల్లు దుకాణం ముందు నుంచే పోవాల్సి వచ్చింది. బెంచీలు నిండుగా ఉన్నాయి. ఒకడు, "ఎల్లేష్ వస్తున్నడంట గద ఉమక్కా" అని నవ్వాడు. అప్పుడే వాడికెవరు చెప్పారు?

మే 25, ఆదివారం

రేపు పోయి తెస్తాం. మిషన్ పెట్టుకున్న చిన్న గది ఖాళీ చేశాను. మంచం వేశాను, ఉతికిన దుప్పటి పరిచాను. కిటికీకి ఊచలున్నాయి, అయినా గాలికేమీ లోటుండదు. గోలీలు ఏవేవి, ఎప్పుడెప్పుడు వేయాలో జైలు డాక్టరును అడిగి తెలుసుకోవాలి. దామోదర్ కొన్నాళ్లు ఆటో తీయకుండా ఇంటి దగ్గరే ఉంటానన్నాడు. నేను అడగలేదు, ఆయనే అన్నాడు. ఈ మనిషిని చాలా తిట్టాను ఈ పుస్తకంలో.

మధ్యాహ్నం ఆయన నారాయణపేట పోయి కొత్త గడియ తెచ్చాడు, లావుది. అమ్మ ఆ గది వైపు వీపు పెట్టి బియ్యం ఏరుతూ కూర్చుంది. దామోదర్ స్టూలు వేసుకుని ఆ గది తలుపుకు గడియ బిగించాడు, బయటి వైపు.

నేను వద్దనలేదు. మేకులు నేనే అందించాను.